జైల్లో జబ్బు పడితే లెక్క అడిగేదెలా

వరంగల్ సెంట్రల్ జైలు ఇప్పుడు లేదు. నిజాం కాలంలో కట్టిన ఆ జైలును 2021లో ఖాళీ చేయించి కూల్చేశారు. అదే ఏడాది జూన్ 21న అక్కడ 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ దవాఖానకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. లోపల ఉన్న తొమ్మిది వందల మందికి పైగా ఖైదీలను హైదరాబాద్‌లోని చర్లపల్లి, చంచల్‌గూడతో పాటు వేరే జైళ్లకు సర్దారు. కొత్త జైలుకు మామునూరు దగ్గర జాగా చూశారు. వరంగల్‌లోని సర్కారు పెద్ద దవాఖాన ఎంజీఎం మీద భారం తగ్గాలంటే ఇంకో పెద్ద దవాఖాన కావాల్సిందే, దాంతో పేచీ లేదు. కానీ జైలు ఊరు దాటిపోతే లోపల ఉన్న మనిషి వైద్యం ఏమవుతుందనేది వేరే ప్రశ్న, దాన్ని విడిగానే అడగాలి.

పాత జైలు నుంచి ఎంజీఎం కూతవేటు దూరం. ఏటూరునాగారం నుంచి ఒక తల్లి చర్లపల్లికి ములాఖత్ కోసం పోవాలంటే రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది, బస్సు చార్జీలు, ఒక రోజు కూలి పోవడం, ఇవన్నీ కలిపితే నెలకు ఒక్కసారి చూడటమే గగనం. ఇది మనసు బాధకు సంబంధించిన విషయం మాత్రమే అనుకుంటే పొరపాటు. పేదోళ్ల ఇళ్లలో రోగి వైద్య చరిత్ర కాగితాల్లో ఉండదు, తల్లి దగ్గరో పెండ్లాం దగ్గరో ఉంటుంది. షుగర్ ఉంటే రక్తం చూస్తే తెలిసిపోతుంది. ఒక మనిషి ఏళ్ల తరబడి మానసిక జబ్బుకు గోలీలు మింగుతున్నాడని, అవి ఆపితే పది పదిహేను రోజుల్లో నిద్ర పోయి, ఎవరో పిలుస్తున్నట్టు వినబడి, తిండి మానేస్తాడని ఇంట్లోవాళ్లు చెప్తేనే తెలుస్తుంది. వాళ్లు గేటు దాకా రాలేకపోతే ఆ సమాచారం డాక్టర్‌కు చేరే దారే లేదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు నుంచి వచ్చే గోండు, కోయ ఖైదీల్లో తెలుగు సరిగా రానివాళ్ల సంగతి ఇంకా కష్టం, తలనొప్పి అని చెప్పుకోవడానికే ఇంకొకరు కావాలి.

ఇక్కడ చట్టం లేదా అంటే, ఉంది, అదీ నిన్న మొన్నటిది కాదు. 1894 నాటి ప్రిజన్స్ చట్టం తెల్లదొరల కాలంలో రాసిందే అయినా అందులో కొన్ని మాటలు చాలా సూటిగా ఉంటాయి. ఖైదీ లోపలికి రాగానే వీలైనంత త్వరగా పరీక్షించి ఆరోగ్యం ఎట్లా ఉంది, ఒంటి మీద దెబ్బలేమన్నా ఉన్నాయా అని పుస్తకంలో రాయాలని 24వ సెక్షన్ చెప్తుంది. డాక్టర్‌ను చూడాలని అడిగినవాళ్ల పేర్లే కాదు, శరీరంలోగానీ మనసులోగానీ బాగోలేనట్టు కనబడిన ప్రతి ఖైదీ పేరును ఆలస్యం చేయకుండా జైలర్‌కు చెప్పాలని 37వ సెక్షన్. మందులు ఇవ్వమన్న ఆర్డర్లు, వైద్యుడు తానే చూసుకునే పనులు మినహా ఆయన చెప్పిన ప్రతి సూచననూ ఏ రోజుకారోజు ఖైదీ హిస్టరీ టికెట్‌లోగానీ (ఒక్కో ఖైదీ వివరాలు ఎక్కించే చీటీ) వేరే రికార్డులోగానీ రాయాలని 38. ప్రతి జైల్లో రోగుల కోసం దవాఖానో, తగిన చోటో ఉండాలని 39. జైలు క్రమశిక్షణ వల్ల ఒక ఖైదీ మనసు దెబ్బతింటోందని డాక్టర్‌కు అనిపిస్తే సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా చెప్పి తీరాలని 14వ సెక్షన్ అంటుంది. నూట ముప్పై ఏళ్ల నాటి చట్టం మనసు గురించి కూడా మాట్లాడింది. ఈ సెక్షన్లు చదివితే ఒకటి అర్థమవుతుంది, ఇవన్నీ ఎవరో ఒకరు ఏదో ఒక పుస్తకంలో ఏదో ఒకటి రాయాలని చెప్పే నిబంధనలే. అంటే రాశారా లేదా అని అడగవచ్చు. ఈ వ్యాసంలో అసలు విషయం అదే.

రాజ్యాంగం వైపు చూసినా దారి మూసుకుపోలేదు. శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది, అది విశాఖ సెంట్రల్ జైల్లో ఉన్న నక్సలైట్ ఖైదీలు వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసు. సర్కారు దవాఖానలో సకాలంలో చికిత్స అందకపోతే జీవించే హక్కుకు భంగమేనని 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో అన్నది. మానసిక ఆరోగ్యం కూడా జీవించే హక్కు ఇచ్చే 21వ అధికరణలో భాగమని 2025 జులైలో, విశాఖలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని తండ్రి వేసిన కేసులో మరీ స్పష్టంగా చెప్పింది. అదే నెలలో తమిళనాడుకు చెందిన ఒక వికలాంగ ఖైదీ కేసులో, ఖైదీలను జైల్లోకి తీసుకునేటప్పుడే వైకల్యం ఉందేమో చూడాలని, జైలు వైద్యం బయట దొరికే వైద్యానికి తీసిపోకూడదని ఆదేశాలు ఇచ్చింది.

మరి ఇంత చట్టం చేతిలో ఉండి కోర్టుల దాకా వచ్చే కేసులు ఎట్లాంటివి? ఎక్కువగా రెండు రకాలే. ఒకటి, జబ్బు ముదిరిపోయాక బెయిల్ అడగడం. రెండోది, మనిషి చనిపోయాక పరిహారం అడగడం.

మొదటి రకానికి ఓరుగల్లు వాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ విప్లవ కవి వరవరరావు కేసు. పుట్టింది చిన్నపెండ్యాలలో, పాఠాలు చెప్పింది వరంగల్ సీకేఎం కాలేజీలో. భీమా కోరెగావ్ కేసులో 2018లో అరెస్టయ్యారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించాలా వద్దా అనేది ఇక్కడ సంగతి కాదు, ఆ కేసులో వైద్యం కథ మాత్రం ప్రతి ఖైదీ కుటుంబమూ తెలుసుకోవాల్సినది. 2020 మే నెలాఖరులో ఎనభైకి దగ్గరపడ్డ ఆయన ముంబై దగ్గరి తలోజా జైల్లో స్పృహ తప్పితే జేజే దవాఖానకు తీసుకుపోయి మళ్లీ జైలుకు పంపారు. జులైలో కొవిడ్ తేలింది. ఆ తర్వాత కూడా మళ్లీ తలోజాకే. నవంబర్‌లో బాంబే హైకోర్టు జోక్యం చేసుకుని నానావతి దవాఖానకు మార్చమంది. 2021 ఫిబ్రవరి 22న ఆరు నెలల వైద్య బెయిల్ ఇస్తూ, ఆయన పరిస్థితికి తలోజా జైలు దవాఖాన సరిపోదని, అక్కడికి తిరిగి పంపితే ప్రాణానికే ముప్పని కోర్టు అంగీకరించింది. 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఆ బెయిల్‌కు గడువు లేకుండా చేసింది. అదే కేసులో పార్కిన్సన్స్‌తో ఉన్న 84 ఏళ్ల క్రైస్తవ ఫాదర్ స్టాన్ స్వామికి ఆ అవకాశం కూడా రాలేదు, బెయిల్ పిటిషన్ విచారణలో ఉండగానే 2021 జులై 5న చనిపోయారు.

ఆలోచించాల్సింది ఇక్కడే. వరవరరావుకు బెయిల్ రావడంతో ఆయన బయటికి వచ్చారు. తలోజా దవాఖాన సరిపోదన్న నిజం మాత్రం లోపల మిగిలినవాళ్లకు అట్లాగే ఉంది. వైద్య బెయిల్ అనేది ఒక్క మనిషికి దొరికే తలుపు. దాని కోసం పేరున్న వకీలు, పత్రికల్లో వార్త, హైకోర్టు దాకా పోగల శక్తి కావాలి. గంజాయి కేసులో చిక్కిన మహబూబాబాద్ ఆటో డ్రైవర్‌కు మూర్ఛ వస్తే ఈ మూడూ ఉండవు. జబ్బుతో, బలహీనతతో ఉన్న నిందితుడికి బెయిల్ ఇవ్వవచ్చని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 480వ సెక్షన్‌లో మాట ఉంది, నిజమే, కానీ ఎంత జబ్బు ఉంటే ఇవ్వాలనేది జడ్జి నిర్ణయం. జైలు డాక్టర్ నుంచి కోర్టు రిపోర్టు తెప్పించుకుంటే అందులో ఆరోగ్యం నిలకడగా ఉందని ఒక్క వాక్యం రాసి ఉన్నా చాలు, కేసు అక్కడికక్కడే బలహీనపడుతుంది.

రెండో రకానికి మన దగ్గరి ఉదాహరణ అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు. 1977 మేలో రాత్రిపూట ఆ జైలు మీద బాంబు దాడి జరిగి, తమకు ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్న తండ్రీకొడుకుల్లో తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. జైలు నడపడం సార్వభౌమ అధికారం, దానికి నష్టపరిహారం వర్తించదని సర్కారు వాదించింది. ఆ వాదనను సుప్రీంకోర్టు 2000లో కొట్టేసింది, జీవించే హక్కు ముందు ఆ సాకు చెల్లదని చెప్పింది. వైద్యం అందక చనిపోయిన ఖైదీల కుటుంబాలకు కూడా ఈ సూత్రం పనికొస్తుంది. కానీ ఘటనకు, తీర్పుకు మధ్య 23 ఏళ్లు. పరిహారం లక్షా 44 వేలు. 2013లో మాజీ ప్రధాన న్యాయమూర్తి లాహోటీ రాసిన ఉత్తరంతో మొదలైన 1,382 జైళ్ల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. 2012 నుంచి 2015 మధ్య జైళ్లలో అసహజంగా చనిపోయినవాళ్ల కుటుంబాలను హైకోర్టులే గుర్తించి తగిన పరిహారం ఇప్పించాలని 2017 సెప్టెంబర్‌లో ఆదేశించింది. మంచి ఆదేశమే. అయితే అసహజ మరణం అన్న మాట దగ్గరే ఒక పెద్ద ఖాళీ మిగిలిపోయింది.

ఆ ఖాళీ ఎంత పెద్దదో జాతీయ నేర గణాంకాల సంస్థ అంకెల్లోనే కనబడుతుంది. 2022లో దేశంలోని జైళ్లలో 1,995 మంది చనిపోయారు. అందులో అసహజ మరణాలు 159, వాటిలో ఆత్మహత్యలే 119. మిగతావాటిలో 1,773 సహజ మరణాల ఖాతాలో ఉన్నాయి, అంటే ఎక్కువభాగం జబ్బులతో. గుండెపోటు వచ్చిన మనిషిని మూడు గంటలు ఆలస్యంగా దవాఖానకు తీసుకుపోతే అది ఏ ఖాతాలోకి వస్తుంది? సహజ మరణమే. టీబీ మందులు మధ్యలో ఆగిపోయి చనిపోతే? అదీ సహజమే. ఈ వర్గీకరణ మారకుండా, ప్రతి జబ్బు మరణంలో చికిత్స ఎప్పుడు మొదలైందో అడగకుండా, పరిహారం కేసులు ఎన్ని గెలిచినా పెద్ద సంఖ్య అట్లాగే ఉండిపోతుంది. జైల్లో ఎవరు చనిపోయినా మేజిస్ట్రేట్ విచారణ జరపాలన్న నిబంధన ఉంది, 24 గంటల్లోగా జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలన్న 1993 నాటి ఆదేశం ఉంది. ఆ విచారణలో ఒంటి మీద దెబ్బల గురించి అడిగినంత గట్టిగా మందుల గురించి కూడా అడగాలి.

వేరే దేశాల్లో ఇంకో పద్ధతి ఉంది. అమెరికాలో ఖైదీ తీవ్రమైన జబ్బును తెలిసి కూడా పట్టించుకోకపోవడం రాజ్యాంగ ఉల్లంఘన అని అక్కడి సుప్రీంకోర్టు 1976లోనే తేల్చింది. కాలిఫోర్నియాలో మానసిక రోగ ఖైదీలందరి తరఫున 1990లో ఒకే కేసు వేశారు, వైద్యం మీద 2001లో ఇంకోటి. ఈ రెండూ కలిసి 2011లో సుప్రీంకోర్టుకు పోతే, కట్టిన సామర్థ్యానికి దాదాపు రెట్టింపు మందిని కుక్కిన జైళ్లలో వైద్యం అసాధ్యమని, ఖైదీల సంఖ్యను ఆ సామర్థ్యంలో 137.5 శాతానికి తగ్గించమని కోర్టు ఆదేశాన్ని ఖాయం చేసింది. మానసిక వైద్య సిబ్బంది ఖాళీలు నింపనందుకు 2024లో ఆ రాష్ట్రానికి 11 కోట్ల డాలర్లకు పైగా జరిమానా పడింది, అప్పీలులో మొత్తాన్ని మళ్లీ లెక్కించమన్నారు గానీ తప్పు జరగలేదని అనలేదు. ముప్పై ఏళ్లకు పైగా నడుస్తున్న ఈ కేసు ఆదర్శమని చెప్పలేం, ఈలోపు ఎందరో పోయారు. కానీ అందులో నేర్చుకోదగినది ఒకటుంది. ఏ ఒక్క ఖైదీ కథ మీదా కేసు ఆధారపడలేదు. ఎన్ని పోస్టులు, ఎన్ని ఖాళీలు, అపాయింట్‌మెంట్‌కు ఎన్ని రోజులు అన్న రికార్డుల మీద నిలబడింది.

మన దగ్గర అట్లా నిలబడగల చట్టం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే నుంచి అమల్లో ఉంది. 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక వైద్య కేంద్రం పెట్టాలి. జైల్లో ఆ సౌకర్యం లేకపోతే రోగిని బయటి మానసిక దవాఖానకు పంపాలి, మన రాష్ట్రంలో అయితే సాధారణంగా ఎర్రగడ్డే. ప్రతి జైలు డాక్టర్ మూడు నెలలకోసారి తమ జైల్లో మానసిక రోగంతో ఉన్న ఖైదీలు లేరని ధ్రువీకరిస్తూ ఈ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు నివేదిక పంపాలి. ఉంటే ఎందుకు ఉంచారో బోర్డు వచ్చి అడగవచ్చు. ఇందులో ఒక చిక్కు ఉంది. ఎవరూ లేరని రాయడమే సులువైన పని. మానసిక జబ్బును గుర్తుపట్టే శిక్షణ లేని డాక్టర్, వందల మందిని ఒక్కడే చూసే డాక్టర్, నిజాయితీగానే లేరని రాసి ఉండొచ్చు, ఎందుకంటే ఆయన కంటికి కనబడలేదు. అందుకే ఈ నివేదికను 31వ సెక్షన్‌తో కలిపి చదవాలి, జైలు డాక్టర్లందరికీ మానసిక వైద్యంలో కనీస శిక్షణ ఇవ్వాలని అది సర్కారును ఆదేశిస్తుంది. శిక్షణ ఎందరికి ఇచ్చారో తెలియకుండా ఆ నివేదికను నమ్మడం ఎట్లా? ఈ ఒక్క ప్రశ్న కోర్టులో పెడితే జవాబు చెప్పడం తేలిక కాదు. 2025 ఇండియా జస్టిస్ రిపోర్ట్ ప్రకారం దేశం మొత్తం జైళ్లలో అయిదు లక్షల డెబ్భై వేల మందికి పైగా ఖైదీలకు మనస్తత్వ నిపుణులు 25 మంది. అయిదు వందల మందికి ఒకరు ఉండాలన్నది ప్రమాణం.

ఉత్తర తెలంగాణలో దీనికి ఇంకో కోణం ఉంది, దాని గురించి తక్కువ మంది మాట్లాడతారు. కల్తీ కల్లు. డైజీపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు ఏళ్ల తరబడి అలవాటుపడ్డ మనిషి ఉన్నట్టుండి అది ఆపేస్తే ఏమవుతుందో 2015లో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలు కళ్లారా చూశాయి, దాడులతో కల్లు ఆగిపోయి వందల మంది వణుకుతో, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో దవాఖానలకు వచ్చారు. రోజూ తాగే మనిషి అరెస్టయితే జరిగేదీ ఇదే. సారా, మందు ఆపిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పడం, లేనివి కనబడటం, ప్రాణం మీదికి రావడం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. సరిగ్గా ఆ రోజుల్లోనే మనిషి ఠాణా నుంచి మేజిస్ట్రేట్ దగ్గరికి, అక్కడి నుంచి జైలుకు మారుతుంటాడు, ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండడు. వార్డెన్‌కు అది వేషాలు వేసినట్టు, తిరగబడినట్టు కనబడుతుంది. రోజూ ఏం తాగుతావు, చివరిసారి ఎప్పుడు తాగావు అని చేరిక పరీక్షలో రెండు ప్రశ్నలు అడిగితే చాలు, చికిత్స ఖరీదైనదేమీ కాదు. ఆ రెండు ప్రశ్నలు ప్రతి కొత్త ఖైదీకీ తప్పనిసరి చేయమని, జవాబులు రికార్డులో ఉండాలని అడిగే ఒక ప్రజాహిత వ్యాజ్యం ఎన్నో బెయిల్ పిటిషన్ల కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడగలదు.

మతి స్థిమితం పేరు చెప్పి మనుషులను జైల్లోనే మరిచిపోయిన చరిత్ర కూడా ఈ దేశానికి ఉంది. బీహార్‌లో రుదుల్ షా 1968లో నిర్దోషిగా తేలినా 1982 దాకా ముజఫర్‌పూర్ జైల్లోనే ఉన్నాడు, మతి సరిగా లేదన్నది సర్కారు చెప్పిన కారణం. దాన్ని బలపరిచే ఆధారం ఏదీ చూపలేకపోయింది. హజారీబాగ్ జైల్లో అట్లా దశాబ్దాలు గడిపినవాళ్ల సంగతి ఒక ఉత్తరం ద్వారా సుప్రీంకోర్టుకు చేరి 1982లో బయటపడింది. ఉత్తరాన్ని పిటిషన్‌గా తీసుకునే ఆ దారి ఇప్పటికీ ఉంది.

బయట ఎంజీఎంలోనే మంచానికి ఇద్దరు పడుకుంటుంటే నేరస్థులకు ఇంత వైద్యమా అన్న మాట ఎప్పుడూ వస్తుంది. అడిగేవాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ 2022 లెక్క ప్రకారం దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలు, నేరం చేశారని ఏ కోర్టూ ఇంకా చెప్పనివాళ్లు. ఇంకోటి, బయట ఉన్న పేదవాడు సర్కారు దవాఖానలో కుదరకపోతే అప్పు చేసి ప్రైవేటుకు పోతాడు, లేదా ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు. లోపల ఉన్నవాడికి ఆ ఎంపికే లేదు. తాళం సర్కారు చేతిలో ఉన్నప్పుడు మందు బాధ్యతా సర్కారుదే. ఎస్కార్ట్ సంగతీ అంతే. దవాఖానకు తీసుకుపోవాలంటే ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసులు రావాలి, బందోబస్తు ఉందనో ఎన్నికలున్నాయనో వాళ్లు రాకపోతే డాక్టర్ రాసిన రెఫరల్ చీటీ అట్లాగే ఉండిపోతుంది. ఏ తేదీన రాశారు, ఏ తేదీన తీసుకుపోయారు అన్న రెండు అంకెల మధ్య తేడా చూస్తే ఒక జైలు వైద్యం ఎట్లా ఉందో సగం అర్థమైపోతుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగిన పనులు కూడా ఈ కాగితాల చుట్టూనే ఉంటాయి. పాత చీటీలు, గోలీల పేర్లు, చూసిన డాక్టర్ పేరు జతచేసి సూపరింటెండెంట్‌కు అర్జీ ఇవ్వాలి, ముట్టినట్టు సంతకం తప్పకుండా తీసుకోవాలి, ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. రిమాండ్ పొడిగింపు ఉన్న ప్రతిసారీ మేజిస్ట్రేట్ ముందు ఆరోగ్యం గురించి మెమో వేయవచ్చు, అది వీడియోలో జరిగినా సరే. చాలామంది వకీళ్లు బెయిల్ పిటిషన్ మీదనే దృష్టి పెట్టి దీన్ని వదిలేస్తారు, అడిగి వేయించుకోవాలి. వకీలును పెట్టుకునే స్థోమత లేకపోతే హనుమకొండ కోర్టు దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టం ఇచ్చిన హక్కు, 15100కు ఫోన్ చేసినా వివరం చెప్తారు. మానసిక రోగికి తన వైద్య రికార్డు చూసే హక్కు 2017 చట్టం 25వ సెక్షన్‌లో ఉంది. ప్రాణానికి సంబంధించిన సమాచారాన్ని ఆర్టీఐ కింద అడిగితే 30 రోజులు ఆగాల్సిన పని లేదు, 48 గంటల్లో ఇవ్వాలి, దరఖాస్తులో ఆ మాట పైనే రాయాలి. మూడు నెలల నివేదికల కాపీలు, డాక్టర్ పోస్టుల్లో ఖాళీలు, ఎస్కార్ట్ దొరక్క ఆగిపోయిన రెఫరల్స్ సంఖ్య, ఇవి ఏ ఖైదీ వ్యక్తిగత విషయాలూ కావు కాబట్టి ఎవరైనా అడగవచ్చు. పౌరహక్కుల సంఘాలు, లా కాలేజీ విద్యార్థులు ఈ పని చేపడితే కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జైళ్ల మీద ఒక్క ఏడాదిలో హైకోర్టు ముందు పెట్టదగిన ఆధారం తయారవుతుంది.

మానవ హక్కుల కమిషన్‌కు కూడా రాయవచ్చు, వకీలు అవసరం లేదు, ఫీజు లేదు. ఘటన జరిగి ఏడాది దాటితే మాత్రం చట్టం ప్రకారం కమిషన్ దాన్ని విచారణకు తీసుకోకూడదు. కర్మలయ్యాక చూద్దాం, కేసు తేలాక చూద్దాం అని ఆగే కుటుంబాలు ఎక్కువగా ఇక్కడే నష్టపోతాయి. మనిషి పోయిన వారంలోనే మొదటి ఉత్తరం పంపాలి, పోస్టుమార్టం రిపోర్టు, మేజిస్ట్రేట్ విచారణ నివేదిక కాపీలు కావాలని అందులోనే రాయాలి, హిస్టరీ టికెట్‌ను, దవాఖాన రిజిస్టర్‌ను భద్రపరచమని సూపరింటెండెంట్‌కు అదే రోజు ఇంకో ఉత్తరం వేయాలి.